వరసకు వరస కలపడం

పాటకు బాణీ కట్టడం వేరు, కట్టిన బాణీకి హార్మనీ కూర్చడం వేరు. మొదటిది మన ఇళ్లలో చాలామందికి అప్రయత్నంగానే అబ్బుతుంది. లాలిపాటలు, పెళ్లిపాటలు, సినిమా పాటలు విని పెరిగిన చెవి ఏదో ఒక వరసను తనంతట తానే అల్లుకుంటుంది. రెండోదాని దగ్గరకు వచ్చేసరికి కొత్త స్వరకర్త చేయి ఆగిపోతుంది. కుడిచేత్తో కీబోర్డు మీద బాణీ వాయిస్తూ, ఎడమచేత్తో ప్రతి స్వరానికీ ఒక కార్డును వెతకడం మొదలుపెడతాడు. (కార్డు అనగానే రేషన్ కార్డు గుర్తుకొచ్చేవారి కోసం: ఇక్కడ కార్డు అంటే కలిసి మోగే మూడు నాలుగు స్వరాల గుంపు.) స్వరానికొక కార్డు దొరుకుతుంది, తప్పు కూడా ఉండదు. కాని పాట నడవదు. మెట్టు మెట్టుకీ ఆగి చెప్పులు విప్పి మళ్లీ తొడుక్కునే మనిషి మేడ ఎక్కినట్టు ఉంటుంది.

ఈ ఇబ్బందికి కారణం సంగీతజ్ఞానం చాలకపోవడం కాదని నా అభిప్రాయం. కార్డుల పట్టిక ఒక సాయంత్రంలో కంఠస్థం అవుతుంది. లోపమంతా బాణీని చదవడంలో ఉంది. హార్మనీ అనేది బాణీకి అతికించే అలంకారం కాదు, బాణీ మీద రాసే వ్యాఖ్యానం. ఏ స్వరం మాట, ఏ స్వరం ప్రత్యయం, ఎక్కడ వాక్యం విరుగుతుంది, ఎక్కడ ముగుస్తుంది అని తేల్చుకోనివాడు వ్యాఖ్య రాయలేడు. భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాబట్టి ఈ పోలిక చేస్తున్నానని అనుకోవద్దు. సంగీతం నేర్చుకునేవాళ్లు రాసి తెచ్చిన అభ్యాసాలను సంగీతం తెలిసినవాళ్లు దిద్దేటప్పుడు చూడండి. వాళ్లు కొట్టివేసేవి చాలావరకు తప్పు కార్డులు కావు, అక్కర్లేని కార్డులు.

తెలుగులో ట్యూనుకు ఉన్న చక్కని మాట 'వరస'. 'పాట వరస తెలుసా?' అంటాం. బంధుత్వానికి కూడా అదే మాట. 'ఆయన నీకేం వరస?' అంటాం. ముక్కూ మొహం తెలియని ఇద్దరు తెలుగువాళ్లు షోలాపూర్‌లోనో బరంపురంలోనో హోసూరులోనో కలుసుకుంటే పది నిమిషాల్లో ఏదో ఒక వరస కలుపుకుంటారు. ఒకే మనిషి ఒక ఇంటికి మేనమామ, మరో ఇంటికి బావ, ఇంకో ఇంటికి అల్లుడు. మనిషి మారలేదు, ఏ ఇంట్లో నిలబడ్డాడన్నదే మారింది. స్వరం సంగతీ అంతే. గాంధారాన్ని తీసుకోండి. స-గ-ప అనే కార్డులో అది నడిమి మనిషి. గ-ప-ని కార్డులో ఇంటి పెద్ద. ధ-స-గ కార్డులో పైన కూర్చున్న అతిథి. గొంతులో పలికేది అదే గాంధారం. చెవికి అందే అర్థం మాత్రం మూడు విధాలు. కొత్త స్వరకర్త నేర్చుకోవలసింది ఈ వరస కలపడమే.

శంకరాభరణం స్వరాలనే ఆధారంగా పెట్టుకుందాం. పాశ్చాత్యుల మేజర్ స్కేలుకు అవే స్వరస్థానాలు. ఈ ఏడు స్వరాలకూ మూడు ఇళ్లు చాలు: స-గ-ప, మ-ధ-స, ప-ని-రి. ఏ స్వరమూ వీధిన పడదు. ఒకసారి లెక్క చూసుకోండి. రి, గ, మ, ధ, ని అనే అయిదింటికీ తలా ఒకటే ఇల్లు. షడ్జానికీ పంచమానికీ మాత్రం రెండేసి ఇళ్లున్నాయి. అంటే మూడు కార్డులతో పని మొదలుపెట్టినవాడికి నిర్ణయం తీసుకునే అవకాశం స, ప ల దగ్గరే వస్తుంది. మన శాస్త్రం వికృతిభేదం లేని అచలస్వరాలని చెప్పినవి కూడా ఈ రెండే. స్థానం మారని స్వరాలకే అర్థం మారే వెసులుబాటు ఎక్కువ ఉండడం నాకు ఎప్పుడూ ఆసక్తికరంగా తోస్తుంది. తర్వాత రి-మ-ధ, ధ-స-గ, గ-ప-ని అనే మరో మూడు ఇళ్లను చేర్చుకుంటే అన్ని స్వరాలకూ చుట్టరికాలు పెరుగుతాయి. కాని ఆ మూడింటి కోసం తొందరపడనక్కర్లేదు.

వ్యాఖ్యానమన్న మాటకు ఆధారం చూపాలి. జర్మన్ స్వరకర్త హాస్లర్ 1601లో ప్రచురించిన ఒక ప్రేమగీతం బాణీ తరువాతి కాలంలో లూథరన్ చర్చిలో శోకకీర్తనకు వరస అయింది. బాఖ్ 1727లో వినిపించిన సెయింట్ మాథ్యూ పాషన్‌లో ఈ బాణీ అయిదుసార్లు వస్తుంది. దాదాపు అదే వరస, కాని శ్రుతీ హార్మనీ మారుతూ ఉంటాయి. చివరిసారి, క్రీస్తు ప్రాణం విడిచిన వెంటనే వచ్చే చోట, కింది గొంతులు అరస్వరాల మీద జారుతూ ఆ బాణీకి అంతకుముందు లేని చీకటిని తెస్తాయి. పై గొంతు పాడేవాళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. వాళ్లు పాడుతున్న వరసకు అర్థం కింద మారిపోతోంది. మూలం ఒకటే, వ్యాఖ్యలు వేరువేరు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ రెండు నియమాలు పెట్టుకున్నాడు. హార్మనీ కూర్చేవాడికి ఇంతకన్నా మంచి నియమాలు నేనెక్కడా చూడలేదు. మొదటిది తప్పు కార్డును అడ్డుకుంటుంది, రెండోది అక్కర్లేని కార్డును.

ఇక అభ్యాసానికి ఒక బాణీ కావాలి. ఈ పత్రిక చదివే విద్యార్థులు బెంగళూరులో ఉన్నా, మదురైలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా, యానాంలో ఉన్నా అందరికీ స్వరం తప్పకుండా వచ్చిన పాట ఒకటుంది: జనగణమన. రోజూ బడిలో పాడి పాడి మనం దాన్ని బాణీగా వినడం మానేశాం. పైగా ఆ బాణీకి తెలుగునేలతో నిజమైన సంబంధం ఉంది. 1911లో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన ఈ గీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఐర్లండులో సంగీతంలో పట్టం పుచ్చుకున్నావిడ. ఆవిడ ఈ పాట వరసను పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు. ఆ తర్వాత, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, బ్యాండులూ ఆర్కెస్ట్రాలూ వాయించగలిగే గీతం కావలసి వచ్చింది. విదేశీ వాద్యబృందాలు కూడా సులువుగా వాయించగల బాణీ అన్నది దీని పక్షాన నెహ్రూ 1948లో చెప్పిన కారణాల్లో ఒకటి. ఇంగ్లీషు స్వరకర్త హెర్బర్ట్ మరిల్ దానికి ఆర్కెస్ట్రా రూపం కూర్చారు. 1950 జనవరి 24న జాతీయగీతమైంది. అంటే ఒక్క గొంతుకోసం పుట్టిన బాణీకి హార్మనీ కలపగలగడం మన దేశంలో ఒకప్పుడు రాజ్యవ్యవహారం కూడా అయిందన్నమాట.

ఒక హెచ్చరిక. ఇది కాగితం మీద, ఇంట్లో కీబోర్డు మీద చేసే అభ్యాసం మాత్రమే. సభలో జాతీయగీతాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చి పాడకూడదు.

మొదటి పంక్తిని మనసులో పాడుకోండి. షడ్జం మీద మొదలై రిషభాన్ని తాకి గాంధారానికి చేరుతుంది. అక్కడ చాలాసేపు నిలబడుతుంది. వరసగా అక్షరం వెంట అక్షరం గాంధారం మీదే పడతాయి. సగం పంక్తి ముగిసేచోట మధ్యమం మీదకు ఎక్కి ఆగుతుంది. రెండో సగం మళ్లీ గాంధారం మీద మొదలై, రిషభానికి దిగి, కింది నిషాదాన్ని తాకి, షడ్జానికి చేరుతుంది. ఇరవైకి పైగా అక్షరాలు. వీటికి ఎన్ని కార్డులు కావాలి? కొత్తవాడు రెండో అక్షరం దగ్గరే పొరబడతాడు. అక్కడ రిషభం వచ్చింది, రిషభం ఇల్లు ప-ని-రి, కాబట్టి ఆ కార్డు వేస్తాడు. పాట ఇంకా గుమ్మం దాటకముందే ఊరు మారినట్టవుతుంది. ఆ రిషభం నివాసి కాదు, దారిన పోయే మనిషి. షడ్జం నుంచి గాంధారానికి వెళ్లే దారిలో ఒక అడుగు. దానికి కార్డు అక్కర్లేదు. కింద స-గ-ప మోగుతూ ఉంటే రిషభం దాని మీదుగా నడిచిపోతుంది. రెండో సగంలోని రిషభం అలాంటిది కాదు. అది నిలబడుతుంది, పక్కన నిషాదాన్ని తోడు తెచ్చుకుంటుంది. దానికి ప-ని-రి ఇవ్వాల్సిందే. ఒకే స్వరం, ఒకచోట ప్రత్యయం, ఒకచోట ప్రధానపదం. ఇలా చూస్తే మొత్తం పంక్తికి స-గ-ప, మ-ధ-స, మళ్లీ స-గ-ప, తర్వాత ప-ని-రి, చివరకు స-గ-ప. అయిదు మజిలీలు చాలు.

కాని సగం దగ్గర ఆగిన ఆ మధ్యమం అంత అమాయకమైనది కాదు. దాన్ని మ-ధ-స ఇంట్లో కూర్చోబెడితే అది ఇంటి పెద్ద. నిమ్మళంగా ఉంటుంది, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. అదే మధ్యమాన్ని ప-ని-రి-మ అనే నాలుగు స్వరాల కార్డుకు పైన పెట్టి చూడండి. ఇప్పుడది చుట్టపుచూపుగా వచ్చిన మనిషి. గాంధారానికి దిగేదాకా చెవికి స్థిమితం ఉండదు. తరువాతి స్వరం నిజంగానే గాంధారం కాబట్టి ఈ వ్యాఖ్య కూడా మూలానికి విరుద్ధం కాదు. ఏది సరి? ఈ ఒక్క పంక్తి చూసి చెప్పలేం. పాట చివరిదాకా వెళ్లినవాడే చెప్పగలడు. చివరికి మనమూ వెళదాం, కాని మధ్యలో చూడవలసినవి రెండు మూడు ఉన్నాయి.

కార్డులు తేలాక వాటిని గుంపులుగా ఎడమచేత్తో మోదడం హార్మనీ కాదు. ముందు అన్నిటికన్నా కింది స్వరాన్ని, మంద్రంలో నడిచే గొంతును రాసుకోవాలి. నడిమి స్వరాలు తర్వాత వాటంతట అవే సర్దుకుంటాయి. మంద్రస్వరం దానికదిగా పాడుకోదగ్గ ఒక వరస కావాలి. పై గొంతు పైకి వెళుతుంటే ఇది కిందికి దిగడం మేలు. పై గొంతు నిలబడితే ఇది కదలవచ్చు. రెండూ ఒకే దూరాన్ని పాటిస్తూ, ముఖ్యంగా పంచమదూరంలోనో స్థాయి దూరంలోనో జంటగా నడిస్తే చెవి వాటిని రెండు గొంతులుగా లెక్కపెట్టదు. పాశ్చాత్య గురువులు ఆ జంటనడకను నిషేధించింది చాదస్తంతో కాదు. ఇంట్లో ఇద్దరు మనుషులున్నారని తెలియాలంటే ఇద్దరూ ఒకేసారి ఒకే మాట అనకూడదు కదా. జనగణమన మొదటి పంక్తిలో గాంధారం అంతసేపు కదలకుండా ఉండడం కొత్తవాడికి వరం. పైన వరస ఆగి ఉన్నప్పుడు కింద షడ్జం నుంచి మంద్ర ధైవతానికో, పంచమానికో మెల్లగా నడిపి చూడవచ్చు. అదే గాంధారం రంగు మారడం మొదటిసారి విన్న విద్యార్థి ముఖం చూడడానికి బాగుంటుంది.

ఇంతవరకు చెప్పినవి ఏ పాశ్చాత్య పాఠ్యపుస్తకంలోనైనా ఏదో ఒక రూపంలో దొరుకుతాయి. తెలుగు పాటకు హార్మనీ కూర్చేవాడికి ఆ పుస్తకాలు చెప్పని సమస్య ఒకటుంది. ఇంగ్లీషు, జర్మన్ పాటల్లో మాటకు ఊనిక ఉంటుంది. పదంలో ఒక అక్షరాన్ని గట్టిగా పలుకుతారు. తాళంలో బలమైన దెబ్బ దాని మీద పడుతుంది. కార్డు మార్పు కూడా సాధారణంగా అక్కడే వస్తుంది. మూడూ కలిసి నడుస్తాయి. తెలుగులో అర్థాన్ని నిలబెట్టేది ఊనిక కాదు, అక్షర పరిమాణం. 'పడు' వేరు, 'పాడు' వేరు. 'కల' వేరు, 'కాల' వేరు. 'అటు' వేరు, 'అట్టు' వేరు. ఛందస్సు చదివినవాళ్లకు గురులఘువులంటే సరిపోతుంది. లఘువు మీద కార్డు మారిందనుకోండి. ఆ మార్పు చెవికి ఒక బరువును తెలియజేస్తుంది. బరువు పడిన లఘువు గురువులా వినిపిస్తుంది. పడ్డవాడు పాడినట్టవుతుంది.

'మన కీర్తనల్లో కూడా లఘువును సాగదీసి పాడతారు కదా' అని అడగవచ్చు. పాడతారు. కాని అక్కడ సాగిన అచ్చు గమకంలో కదులుతూ ఉంటుంది, కింద తంబురా మారదు. వినేవాడు దాన్ని సంగీతపు సాగుదలగానే తీసుకుంటాడు. కార్డు మార్పు అలా కాదు, మేకు కొట్టినట్టు ఆ అక్షరాన్ని అక్కడ దిగేస్తుంది. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు కూర్చిన కొన్ని క్రైస్తవ కీర్తనలను చర్చిలో వాద్యంతో విన్నప్పుడు మాట ఎక్కడ విరుగుతోందో తెలియక తికమక పడడానికి కారణం ఇదే. అదే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు తీసుకుంటే ఈ బాధ తక్కువ. అవి మన రాగతాళాల్లో పుట్టినవి. పర్లాకిమిడి ప్రాంతంలో రెండు భాషల మధ్య పెరిగిన ఆయనకు తెలుగు మాట పరిమాణం ఎంత స్పష్టంగా తెలుసో పాడి చూస్తే అర్థమవుతుంది.

ఒక చిన్న అభ్యాసం చెబుతాను. 'చెరువు గట్టున చెట్టు నీడ' అన్న మాటలకు మీకు తోచిన వరస కట్టండి. కార్డు మార్చదలచుకుంటే చె దగ్గర, గట్ దగ్గర, చెట్ దగ్గర, నీ దగ్గర మార్చండి. మొదటిది లఘువే అయినా పదం మొదలు కాబట్టి భరిస్తుంది. తక్కిన మూడూ గురువులు. ఇప్పుడు కావాలని 'రు' మీద మార్చి చూడండి. చెరువు చెరువులా వినిపించదు. ఒడిశాలోని మన విద్యార్థులు ఈ సంగతిలో కాస్త ఎక్కువ జాగ్రత్త పడాలి. చుట్టూ వినిపించే ఒడియా ఉచ్చారణలో హ్రస్వదీర్ఘ భేదం అర్థాన్ని మార్చదు. మరాఠీలో ఇ, ఉ ల విషయంలో కూడా ఆ భేదం బలహీనం. తమిళం, కన్నడం మధ్య పెరిగినవారికి ఆ చిక్కు లేదు. వాళ్ల చెవి పొద్దస్తమానం ఆ భేదాన్ని వింటూనే ఉంటుంది. ఈమధ్య ఫోనుకు బాణీ వినిపిస్తే క్షణంలో కార్డులు పేర్చి ఇచ్చే సాఫ్ట్‌వేరు వచ్చింది. అది ఇచ్చేవి చాలాసార్లు బాగానే ఉంటాయి. కాని దానికి అందింది స్వరాలే. కింద ఏ మాట ఉందో, అందులో ఏది లఘువో దానికి ఎవరూ చెప్పలేదు.

రెండో అభ్యాసానికి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యాలను మించినవి లేవు. మద్రాసులో ఇంగ్లీషు బ్యాండువాళ్లు వాయించిన బాణీలను తీసుకుని ఆయన సంస్కృతంలో సాహిత్యం కూర్చినవి దాదాపు నలభై దాకా ఉన్నాయి. 'సంతతం పాహిమాం' అన్నది బ్రిటిష్ జాతీయగీతం బాణీ. సుబ్బరామ దీక్షితులు 1905లో ప్రచురించిన ప్రథమాభ్యాస పుస్తకంలో వీటిలో చాలా వాటిని స్వరపరచి తెలుగు లిపిలోనే ఇచ్చారు. తమిళదేశంలోని ఎట్టయపురంలో కూర్చుని ఆయన తెలుగులో రాసిన సంగతి బయటి రాష్ట్రాల తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోదగ్గది. దీక్షితులు చేసిన పని మనం చేస్తున్నదానికి తలకిందులు. హార్మనీతో పుట్టిన బాణీలను తీసుకుని హార్మనీని వదిలేశారు. వదిలేసినా దాని ముద్ర పోలేదు. ఈ బాణీలు స, గ, ప ల మీదుగా గెంతుతూ నడుస్తాయి, వాక్యాంతంలో నిషాదం నుంచి షడ్జానికి తిన్నగా వస్తాయి. కార్డు ఎక్కడ మారాలో బాణీయే చెబుతూ ఉంటుంది. గోడ కూలిపోయినా పునాది కనబడే ఇంటిలా, కొత్తవాడికి పని తేలిక.

దీక్షితులే శంకరాభరణంలో చేసిన పెద్ద కృతుల దగ్గరకు ఈ నమ్మకంతో వెళ్లకూడదు. నొట్టుస్వరానికీ ఆ కృతికీ స్వరస్థానాలు ఒకటే, రాగం ఒకటి కాదు. కృతిలో గాంధారం ఒకచోట నిలవదు, పక్క స్వరాలను తాకుతూ ఊగుతుంది. కార్డుకు నిలకడైన స్వరం కావాలి. తోడిలో గాంధారం ఊగే తీరు తెలిసినవారికి దాని కింద ఏ కార్డు పెట్టినా అబద్ధమే అవుతుందని వేరే చెప్పనక్కర్లేదు. ఇది హార్మనీ దోషమూ కాదు, రాగం దోషమూ కాదు. అనువదించరాని పద్యం ఉన్నట్టే హార్మనీ కూర్చరాని వరసా ఉంటుంది. తంబురా కట్టినవాళ్ల తెలివి ఇక్కడ గమనించాలి. షడ్జ పంచమాలను మాత్రమే మీటుతారు, గాంధారాన్ని మీటరు. వరసకు ఆధారం ఇస్తుందే కాని అర్థం ఇదీ అని నిర్ణయించదు. (మంచి తంబురాలో మంద్రషడ్జం తీగ నుంచి అంతరగాంధారం దానంతట అదే పలుకుతుందన్న మాట నిజమే. అది తీగ చెప్పిన మాట, మనం చెప్పించినది కాదు.)

మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఇళయరాజా 1986లో వెలువరించిన 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌ను త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితం చేశారు. జాతీయ పురస్కారాలు తెచ్చిన ఆయన తెలుగు చిత్రాలు రెండు, 'సాగరసంగమం' (1983), 'రుద్రవీణ' (1988), మీరు విని ఉంటారు. మళ్లీ వినేటప్పుడు గాయకుణ్ణి వదిలేసి బాస్ గిటారును మాత్రమే వెంబడించండి. రాగం మీద ఆధారపడిన పాటల్లో ఆయన గుంపు కార్డులను తగ్గించి, కింది గొంతును దానికదిగా ఒక వరసలా నడుపుతారు. గమకం ఉన్నచోట కార్డు మౌనంగా ఉంటుంది, గమకం ఆగినచోట పలుకుతుంది. ఆయనను అనుకరించేవారిలో చాలామంది తీసుకున్నది వాద్యాల సంఖ్యను, వదిలేసింది ఈ పొదుపును. ఆయన విద్యలో నేర్చుకోదగ్గ మొదటి సంగతి నా దృష్టిలో ఈ పొదుపే.

ఇక జనగణమన చివరకు వద్దాం. జయధ్వానం మూడుసార్లు విడివిడిగా వస్తుంది. మొదటిది నిషాదం నుంచి తారషడ్జానికి ఎక్కి ఆగుతుంది. రెండోది ధైవతం నుంచి నిషాదానికి, మూడోది పంచమం నుంచి ధైవతానికి. ఒకే ఆకారం, ఒక్కో మెట్టు కిందికి. తర్వాత షడ్జం నుంచి మెట్టు మెట్టుగా పైకి వచ్చి గీతం మధ్యమం మీద ముగుస్తుంది. షడ్జం మీద కాదు. రోజూ పాడినా చాలామంది ఈ సంగతి గమనించి ఉండరు. పాశ్చాత్య పాఠ్యపుస్తకం ప్రకారం పాట ఇల్లు చేరాలి, అంటే స-గ-ప తో ముగియాలి. ఇక్కడ ఆ కార్డు వేస్తే మధ్యమం దానిలో ఇమడదు. ప-ని-రి-మ వేస్తే ఇమడుతుంది కాని దిగవలసిన గాంధారం ఇక రాదు. గీతం అయిపోయింది, జనం కూర్చుంటున్నారు, చుట్టం మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

మూడు జయధ్వానాలకూ కార్డులు వేసి చూస్తే సమాధానం దొరుకుతుంది. మొదటిదానికి ప-ని-రి నుంచి స-గ-ప. రెండోదానికి రి-మ-ధ నుంచి ప-ని-రి. మూడోదానికి స-గ-ప నుంచి మ-ధ-స. మంద్రస్వరాలను మాత్రం విడిగా రాసుకోండి: పంచమం నుంచి షడ్జానికి, రిషభం నుంచి పంచమానికి, షడ్జం నుంచి మధ్యమానికి. మూడూ ఒకే దూరం, ఒకే రకం రాక. మొదటి రాకలో ఇల్లు షడ్జం. రెండోదానిలో పంచమం. మూడోదానిలో మధ్యమం. అంటే గీతం చివరి పరుగు మొదలుకాకముందే ఇల్లు మధ్యమానికి మారింది. మన పరిభాషలో గ్రహభేదం. ఆ మధ్యమాన్నే షడ్జమనుకుని చివరి పరుగును వినండి. స-రి-గ-మ అనుకుంటున్నది ప-ధ-ని-స గా వినిపిస్తుంది, కింద షడ్జం నుంచి మధ్యమానికి అదే రాక నాలుగోసారి వస్తుంది. ఆ చివరి మధ్యమానికి మ-ధ-స తప్ప వేరే ఇల్లు లేదు. మొదటి పంక్తి సగంలో ఆగిన మధ్యమాన్ని ఏ ఇంట్లో కూర్చోబెట్టాలన్న ప్రశ్నకు కూడా నా మొగ్గు అందుకే మ-ధ-స వైపు. గీతం ఆఖరున చెప్పబోయేదాన్ని అక్కడ ముందే ఒకసారి చెబుతోంది.

దీనికి అభ్యంతరం చెప్పేవారు ఉంటారు. ఠాగూర్ రాసినది అయిదు చరణాల పాట, మనం పాడేది మొదటి చరణమే. చరణం చివరి మధ్యమం తరువాతి చరణపు షడ్జానికి తిరిగి వెళ్లడానికి ఆగిన స్వరం, మన పాటల్లో చరణాంతం పల్లవి ఎత్తుగడ కోసం ఎదురుచూసినట్టు. ఆ లెక్కన దాన్ని ఇల్లు అనడం సరికాదు, మజిలీ అనాలి. ఈ వాదన బలమైనదే. పాట మొత్తం పాడేవాళ్లు అలా హార్మనీ కూర్చితే నేను కాదనను. కాని యాభై రెండు సెకన్ల జాతీయగీతంలో రెండో చరణం రాదు. వాద్యబృందం ఆ మధ్యమం మీద ఆగి, వాద్యాలు దించుతుంది.